నాన్న ఊదిన సగం

ఎల్ ఆల్టో,
ఆదివారం.

నాన్నకు పెద్దకూతురు ఎర్మెలిండా దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ పట్నంలో నేను క్షేమం. చలి ముదిరింది గానీ దగ్గు తగ్గింది. అక్కడ నువ్వూ, అమ్మా, చెల్లి బసీలియా, మన లామాల మందా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మంచులో ఎండబెట్టి పంపిన దుంపలు అందాయి. పురుగు పట్టలేదని చెప్పు. ఆ పూటే పులుసు కాచుకుని తిన్నాను. గది మారావా అని అడిగావు. మారలేదు. ఇంటావిడ మాత్రం "నీ డ్రమ్ముల డబడబలకి నా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయే తల్లీ" అని రోజూ సాధిస్తూనే ఉంది. పెళ్లి సంగతి అమ్మకి విడిగా చెబుతాను.

నీ చివరి ప్రశ్న దగ్గరే నాకు చెయ్యి ఆడటం లేదు. మన మేళం పాటకు కంప్యూటర్లో డ్రమ్ములు కలిపి రీమిక్స్ చేశాను కదా. బసీలియా ఫోన్లో వినిపిస్తే ఎవుసేబియో మామయ్య వేణువు వినపడింది గానీ నీది వినపడలేదన్నావు. "చెవులు పోయాయి తల్లీ. తన ఊదుడు తనకే వినపడనివాడు మేళంలో ఎందుకు? సిలువ పండగనాడు నా వేణువు మన ఊరి కుర్రాడు ఫ్లోరెన్సియోకి ఇచ్చేస్తానని అందరి ముందూ చెప్పేశాను" అని బసీలియా చేత రాయించావు.

ఎలా చెప్పను నాన్నా? ఆ పాటలో నువ్వు లేవు. నేనే తీసేశాను.

పాట రికార్డు చేయడానికి నీకూ మామయ్యకీ చెరో మైకు పెట్టినప్పుడు నువ్వు నవ్వావు. "ఒక్క పాటని ఇద్దరం పంచుకున్నామే పిచ్చిదానా. వాడి వేణువులో లేని స్వరాలు నా దాంట్లో ఉన్నాయి. వాడు ఊదితే నేను జవాబు ఊదాలి. విడదీస్తే నత్తి మిగులుతుంది" అన్నావు. నేను వినలేదు. నీకు ఆయాసం మొదలైనప్పటి నుంచి నీ జవాబు ఒక్క పిసరు ఆలస్యంగా వస్తోంది. డ్రమ్ము ఎవరి కోసమూ ఆగదు. నీ ఊదుడు చెరిపేసి, ఆ చోట్లలో కంప్యూటర్ స్వరాలు పెట్టాను. ఇక్కడ ఆ పాట వేస్తే జనం ఎగిరి ఎగిరి ఆడారు. నేను సిగ్గు లేకుండా "ఇది మా నాన్న పాట" అని మైకులో చెప్పాను కూడా.

మొన్న మామయ్య ఉన్ని అమ్ముకోవడానికి సంతకొచ్చి, నా గదిలో ఆ పాట విన్నాడు. సగంలోనే ఆపమన్నాడు.

"ఏమే, నాకు జవాబిస్తున్నది ఎవడే?"

"నాన్నే మామయ్యా."

"చాల్లే, ఎవరికి చెబుతావు! వీడసలు ఊపిరే పీల్చడు. బావకి ఆయాసమని నేను గుక్క ఆగి ఊదుతాను. ఆయన కోసం మేళమంతా ఆగుతుంది. నీ డబ్బాకేం రోగం, ఆగడానికి?"

మామయ్య కోకా ఆకు బుగ్గన పెట్టుకుని లేచాడు. "నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అని వెళ్లిపోయాడు. ఇవాళ రేపు అంటూ నాన్చాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. నా తప్పుకి నువ్వు నీ చెవుల్ని తిట్టుకుంటున్నావు. నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

పాట నెట్‌లోంచి తీసేశాను. నీ చెవులకేమీ కాలేదు నాన్నా. లేనిది లేదనే విన్నావు. వేణువు ఎవరికీ ఇవ్వకు.

ఒసేయ్ బసీలియా, పరువు పోతుందని ఇది నాన్నకొక్కడికే చదివి దాచెయ్యకే. చెవులు పోయాయని ఆయన మేళం ముందు చెప్పుకున్నాడు. నువ్వు కూడా ఆ మేళం ముందే నిలబడి, నా పేరుతో సహా గట్టిగా చదువు. పండగకి నేను వస్తున్నాను. లోపలికి రావద్దంటే చర్చి గోడ బయటే నిలబడతాను. మామయ్య ఊదాక, నాన్నకి ఊపిరి అందేదాకా నేనూ ఆగుతాను.

ఇట్లు,
నిన్ను చెరిపిన
నీ పెద్దకూతురు
ఎర్మెలిండా