క్యాంటీను తాళంచెవి

మేనేజరు గారికి నమస్కారం.

మీరు దొంగ. మన బట్టల ఫ్యాక్టరీలో నూట ఇరవై మంది నోటి దగ్గర టిఫిను లాగేసుకుని, దానికి ఆరోగ్యమని పేరు పెట్టారు. పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంటే ఇన్సులిన్ తగ్గుతుందని, కొవ్వు కరుగుతుందని, కణాలు తమ చెత్త తామే ఊడ్చుకుంటాయని ఎవరో ఉపన్యాసంలో చెప్పారట. కావచ్చు. కానీ ఇష్టపడి మానితే ఉపవాసం, క్యాంటీనుకు పన్నెండు దాకా తాళం వేసి మాన్పిస్తే పస్తు.

మేమంతా ఇస్త్రీ మామయ్య అని పిలిచే పెద్దాయనకు షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నాక ఏమీ తినకపోతే చెయ్యి వణుకుతుంది. ఆ చేతిలో ఉండేది కాలే ఇస్త్రీపెట్టె.

ఇట్లు,
కుట్టు విభాగం సంఘం కార్యదర్శి

తా.క. కణాల సంగతి సరే, మా మరుగుదొడ్డి ఊడ్చి తొమ్మిది రోజులైంది.

*

కార్యదర్శి గారికి శుభాకాంక్షలు.

మీ ఉత్తరం చూసి పొంగిపోయాను. ఖాళీ కడుపున అడ్రినలిన్ పెరుగుతుంది. మీ కోపం అదే. ఇస్త్రీ ఆయన వణుకంటారా, కణాల్లో మరమ్మతు మొదలైందన్నమాట. ఆయన్ని ఆదర్శ ఉపవాసిగా ప్రకటించి తాళంచెవి ఆయనకే అప్పగిస్తున్నాను. తాళం తీసి ఉన్నట్టు కనబడితే వెంటనే వెయ్యాలి. ఎవరడిగినా, ఆఖరికి నేనడిగినా, పన్నెండు దాకా తియ్యకూడదు.

ఇట్లు,
మేనేజరు

తా.క. మీ కోపం ఇంకాస్త పెరిగితే కబురు చెయ్యండి. నోటీసుబోర్డులో పెడదాం.

*

మేనేజరు గారికి, కూర్చునే ఓపిక లేక నిలబడే నమస్కారం.

మామయ్య ఇవాళ కళ్లు తిరిగి కూలబడ్డాడు. జేబులో మీ తాళంచెవి. క్యాంటీను తియ్యమంటే "ఉత్తర్వమ్మా" అన్నాడు. ఎవరి సంచిలోనో ఉన్న చక్కెర నీళ్లలో కలిపి తాగిస్తే తేరుకున్నాడు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా కడుపు మాడ్చుకోకూడదు. మీ ఉపన్యాసకుడు ఆ ముక్క చెప్పలేదా, మీరు అప్పటికి నిద్రపోయారా?

ఇట్లు,
కార్యదర్శి

తా.క. రేపటి నుంచి ఆయన ఇంటి దగ్గరే తిని వస్తాడు. తాళం మాత్రం గట్టిగానే వేస్తాడట.

*

కార్యదర్శి గారికి, క్యాంటీను తలుపు కింద నుంచి.

తనిఖీ కోసం నా దగ్గరున్న రెండో చెవితో లోపలికొచ్చాను. తాళం బయట గొళ్లేనికే వదిలాను. ఇస్త్రీ ఆయన చూసి వేసేశాడు. తియ్యమంటే "మీరడిగినా తియ్యొద్దన్నారు కదా సార్" అంటున్నాడు. పన్నెండింటికి అందరూ వరస కట్టేలోపు దయచేసి ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
మేనేజరు

తా.క. నాకు ఆకలిగా లేదు. చిక్కంతా అదే.

*

మేనేజరు గారికి, తలుపుకు ఇటువైపు నుంచి.

కిటికీలోంచి చూశాం. మీ పళ్లెంలో నాలుగు గుడ్ల పెంకులున్నాయి, మూతికి వెన్న ఉంది. తలుపు బాదుతున్నారంటే అడ్రినలిన్ పెరిగినట్టే, మంచి గుర్తు. మామయ్య చెయ్యి ఇవాళ వణకడం లేదు. ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇటు తోస్తే చెవి తిప్పుతాడు.

ఇట్లు,
మీ ఆరోగ్యం కోరే కార్యదర్శి

తా.క. మా డిమాండ్లు:
1. క్యాంటీను పొద్దున ఏడింటికి తెరవాలి.
2. మాత్రలు వేసుకునేవాళ్లకు పని మధ్యలో తినే విరామం ఇవ్వాలి.
3. ఉపవాసం ఎవరిష్టం వాళ్లది.
4. మరుగుదొడ్డి ఇవాళే ఊడ్పించాలి.
5. ఆ పళ్లెం మీరే కడగాలి.