మ్యాట్ నడుమ బూట్లు

చిరంజీవి కార్విన్‌కు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమే, అంటే తింటున్నాం, తిరుగుతున్నాం. నిద్ర సంగతి అడక్కు. మిలిటరీ శిక్షణలో నీ ఫోను లాక్కున్నారు గనుక సరిపోయింది, లేకపోతే ఈ సంగతి నాకంటే ముందు ఊరే నీకు చెప్పేసేది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కుక్క కాలు నయమైంది, మళ్ళీ కుందేళ్ళ వెంట పడుతోంది. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది. “శిక్షణ అవ్వగానే తిన్నగా కుస్తీ గదికే వస్తాను, తాళం చెవి ఎక్కడ పెడతారు?” అని రాశావు. అక్కడే నా కలం ఆగిపోయింది.

మన కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ కూటమి పని అయిపోయిందిరా. ఇన్నాళ్ళూ మనతో ఆడిన కాలేజీల్లో ఒకటి మూతపడింది, కొన్ని వేరే గుంపులోకి దూకాయి. మిగిలినవాళ్ళతో సీజన్ నడవదు. మన కాలేజీలో సగంమంది ఆటల కోసమే చేరతారు. ఆడటానికి ఎదుటి జట్టే లేకపోతే వాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే కాలేజీయే ఉండదు. తూర్పు వైపు కాన్ఫరెన్స్ ఒకటి మనల్ని చేర్చుకుంటానంటోంది. అందులో ఫుట్‌బాల్ ఉంది, బాస్కెట్‌బాల్ ఉంది, ఆడపిల్లల ఆటలన్నీ ఉన్నాయి. కుస్తీ లేదు. కుస్తీ జట్టును విడిగా పోషించే స్తోమత లేదని కాలేజీ ప్రెసిడెంటుగారు తేల్చేశారు. గురువారం ట్రస్టీలు ఓటేస్తారు. క్రీడల డైరెక్టర్ని గనుక, నేను ఏమంటే దానికే చేతులెత్తుతారు.

సోమవారం మీ కుస్తీ కోచ్, డెల్మర్ మామయ్య, తలుపు కూడా కొట్టకుండా నా ఆఫీసులోకి వచ్చేశాడు.

“ఏమే, నా జట్టుకు నీళ్ళొదులుతున్నావని క్యాంటీన్‌లో చిల్లీ కూర వడ్డించే ఆవిడ చెప్పాలా నాకు?”

“కూర్చో అన్నయ్యా.”

“కూర్చోను. నీ కొడుక్కి రాశావా?”

“రాస్తున్నాను.”

“రాస్తూనే ఉండు! వాడక్కడ బురదలో పొర్లుతూ కూడా మన కుస్తీ గదినే కలవరిస్తుంటాడు.”

“కాలేజీ మూతపడితే నీ గది ఎక్కడుంటుంది? ఎవరితో కుస్తీ పడతావు, కుర్చీలతోనా?”

“కుర్చీలే నయం. వెన్నుపోటు పొడవవు.”

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. “ఆటకు సెలవు చెప్పే కుస్తీవాడు తన బూట్లు తానే విప్పి మ్యాట్ నడుమ పెడతాడు. మా పిల్లల్లో ఒక్కడూ విప్పడు. అంతగా కావాలంటే నువ్వే వచ్చి విప్పు!”

ఇక నీకు చెప్పనిది చెబుతాను. ప్రెసిడెంటు నా మెడలు వంచాడని మామయ్య అనుకుంటున్నాడు. కాదురా. ఆ కాన్ఫరెన్స్‌వాళ్ళు మనల్ని పిలవలేదు. నేనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. కుస్తీ పోతుందని తెలిసే పడ్డాను. పోయిన ఉత్తరంలో “అవన్నీ పుకార్లు” అని నీకు అబద్ధం రాశాను. ఇంకో దారి వెతికి వెతికి పిచ్చెక్కిపోతోంది కన్నా, దొరకడం లేదు. నీ జవాబు వచ్చేలోపు గురువారం దాటిపోతుందని తెలుసు. అయినా అడుగుతున్నాను, నన్నేం చెయ్యమంటావు?

ఈ సాయంత్రం కుస్తీ గదికి వెళ్ళాను. పిల్లలు లేరు. మ్యాట్ నడుమ ఒకే ఒక్క జత బూట్లున్నాయి, మామయ్యవి. తను గోడకానుకుని మేజోళ్ళతో కూర్చున్నాడు. నన్ను చూసి తిడతాడనుకున్నాను.

“నావి నేనే విప్పుకున్నానే,” అన్నాడు మెల్లగా. “నీకు ఆ పని తప్పించాను.”

తిట్టినా బాగుండేది. అక్కడే కూలబడి ఏడ్చాను. తను వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

నీ బూట్లు లాకర్‌లోంచి తీశాను. వాటిని అక్కడ పెట్టడం నా వల్ల కాలేదు, ఇంటికి తెచ్చేశాను. వాటిని వేసుకుని వేరే కాలేజీకి పోతానన్నా నేను అడ్డు చెప్పను. నన్ను తిట్టు, మాట్లాడకు, కానీ ఇంటికి మాత్రం రా.

తాళం చెవి అడిగావు కదా, అది నా దగ్గరే ఉంది. ఓటు ఎటు పోయినా నువ్వొచ్చేదాకా ఆ మ్యాట్ చుట్టనివ్వను. నీకోసం నేను చెయ్యగలిగింది ఇక అంతే.

ఇట్లు,
నీ జవాబు రావాలనీ, రాకూడదనీ మొక్కుకుంటున్న
మీ అమ్మ