పన్నెండు దగ్గర ఆగిన చెయ్యి

నా వయసు డెబ్బై నాలుగు. క్యాన్సర్ వచ్చి పురీషనాళం తీసేశారు గాని తెలివి తీయలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా, కళ్లజోడు పెట్టుకుని, నా చేత్తో రాస్తున్న ఈ వీలునామాయే చెల్లుతుంది; లోగడ రాసినది రద్దు. అమలు బాధ్యత పెద్దకొడుకుది.

1. పంపకాలకు ముందు ఒక సంగతి నమోదు చేయాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో, సర్జన్లు కోసి పంపిన పేగుల చుట్టూ ఉండే కొవ్వును వేళ్లతో తడిమి లింఫు గ్రంథులు ఏరాను. కొన్ని బియ్యపుగింజంత కూడా ఉండవు. క్యాన్సర్ వాటిలోకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టే రోగి ముందుకాలం చాలామటుకు తేలుతుంది. కనీసం పన్నెండు వెతకాలి. ఈ పని చిన్నకోడలికి, ఆమె కోడలు కాకముందే నేర్పింది నేను. నా పేగు ఆమే చూడాలని పట్టుబట్టిందీ నేనే.

2. "పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి అత్తయ్యా" అని ఆమె చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. నేను రిపోర్టు, ఏ డబ్బీలో ఏ ముక్క పెట్టారో రాసిన జాబితాతో సహా చదివాను. పెద్ద గ్రంథిని రెండుగా కోస్తే రెండు ముక్కలూ ఒకే డబ్బీలో పెట్టాలి. ఆమె మూడు గ్రంథుల ముక్కలను వేరువేరు డబ్బీల్లో పెట్టి, ఒక్కోదాన్ని రెండుగా లెక్కించింది. నిజానికి దొరికినవి తొమ్మిదే. పన్నెండు అంకె రాగానే చెయ్యి ఆగింది.

3. ఆపరేషనైన నాలుగోవారం, ల్యాబు డాక్టరమ్మ అనుమతితో నా పాత స్టూలు మీద కూర్చుని (కూర్చోవడం అప్పుడు చిన్న విషయం కాదు) మిగిలిన నా కొవ్వును నేనే వెతికాను. మరో ఐదు దొరికాయి. రెండింటిలో క్యాన్సర్ ఉందని డాక్టరమ్మ తేల్చింది. నాలాంటి పదిమందిలో ఐదేళ్లకు ఆరేడుగురు మిగులుతారని సర్జన్ అన్నాడు. వారిలో నేనున్నానో లేదో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. కీమో మందు ఆరోవారంలో, అనుకున్న వేళకే మొదలైంది. ఆలస్యం జరగలేదని ఆయన రాసిచ్చిన కాగితం జతచేశాను.

4. ఇల్లు ముగ్గురు పిల్లలకూ సమానం. షరతు: నేను పోయాక, ఆ లెక్క తప్పడం వల్లే అమ్మ పోయిందని చిన్నకోడలి ముందుగానీ వెనకగానీ ఎవరన్నా, వారి వాటా ఆమెకు చెందుతుంది. ఇది ముఖ్యంగా పెద్దకొడుకు కోసం. పచ్చ కుర్చీ విరగ్గొట్టింది చెల్లెలని వాడు నలభై ఏళ్లుగా అంటున్నాడు. విరిచింది వాడే. నేను చూశాను.

5. కుట్టుమిషను కూతురికి. అరువు తీసుకెళ్లి ఎనిమిదేళ్లయింది. ఇక తిరిగి ఇవ్వనక్కర్లేదు.

6. పెద్దకోడలికి పుస్తకాల అలమారా, పుస్తకాలతో సహా. ఆ ఇంట్లో చదివేది ఆమె ఒక్కతే.

7. చిన్నకోడలికి, ల్యాబులో గ్రంథులు ఏరిన నా పట్టకారు. దాని కొనలు ఇంకా సరిగ్గా కలుస్తాయి. ఆమె ఇచ్చిన రాజీనామా కాగితం డాక్టరమ్మ నాకు చూపించింది, చించేశాను. ఆమె సోమవారం డ్యూటీకి వెళ్లాలి.

8. పన్నెండు వెతకాలని నేర్పాను గాని, పన్నెండు తర్వాత కూడా వెతకాలని గట్టిగా చెప్పలేదు. కాబట్టి ఆ తప్పును రెండుగా కోసి ఆమెకో ముక్క ఇవ్వవద్దు. ఒక్కటిగా లెక్కించి నా డబ్బీలోనే పెట్టండి.

2024 మార్చి 14, గురువారం
(సంతకం) మీ అమ్మ, అత్త, నానమ్మ

సాక్షులు:
ఎదురింటి టైలరు
ల్యాబు గుమాస్తా (చదివి, ముక్కు చీదుకుని, సంతకం పెట్టాడు)