చిన్న అద్దంలో నూనె

మహబూబ్‌నగర్,
18 ఏప్రిల్ 2019

కృష్ణకాంత్ గారికి నమస్కారం.

పడుకోడానికి పడకలున్న మీ పాత వ్యానులో ఏసీ వేయవద్దని పొద్దున ఫోన్ చేశాను. ఎందుకని మీరు అడిగితే సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఏసీని చల్లబరిచే పాత రకం గ్యాస్ ఇప్పుడు దొరకదు కనుక పోయిన వారం మీ బండికి కొత్త రకం ఎక్కించాను. బాగా చల్లబడింది. అప్పుడు మీ అమ్మగారు సైదమ్మ, ఏసీ గొట్టానికి లోపల పారేది కనిపించేలా బిగించిన చిన్న అద్దంలోకి తొంగి చూశారు.

"గిదేంది కొడకా, నూనె వేరుగ తేలుతాంది?"

"గట్లనే ఉంటదవ్వా" అన్నాను. నిజానికి నాకు తెలియదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తుక్కు జీపు ఏసీ ఒకదాంట్లో పాత నూనె ఉంచి అలాగే కొత్త గ్యాస్ నింపి, నడిపిస్తూ, దాని అద్దం ముందు కూర్చున్నాను. పాత నూనె కొత్త గ్యాస్‌తో కలవలేదు. కలవని నూనె, గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్‌కు తిరిగి చేరదు. మూడో రోజు కంప్రెసర్ ఎండి పట్టేసింది, బెల్టు తెగింది.

ఎండదెబ్బ తిని మొన్ననే లేచిన అమ్మతో మీరు రామేశ్వరం పోతున్నారు. దారిలో అలా కాకూడదు. సోమవారం నాటి ప్రయాణం వాయిదా వేసి, ఏసీ వేయకుండా బండి ఇక్కడికి తెండి. పాత నూనె కడిగేసి, ఈ గ్యాస్‌తో కలిసే నూనె పోస్తాను.

అమ్మగారినీ తీసుకురండి. ఈసారి బాగైందని నేను చెప్పను. అద్దంలో చూసి ఆమే చెప్పాలి.

ఇట్లు,
మీ ఏసీ మెకానిక్