మూత తీయడం రాని ఐదుగురు

జూన్ 1, సోమవారం. ఉదయం 7:10
ఇవాళ్టి నుంచి నేను ప్రొడక్ట్ డిజైనర్‌ని! ఇంకా ఎవరికీ తెలియదు. అద్దానికి చెప్పాను, అది కాదనలేదు.

సంగతేమిటంటే, మా వంటింటి డబ్బాల కంపెనీలో డిజైన్ విభాగంలో ఒక ఖాళీ ఉంది. లోపలివాళ్లు కూడా పోటీ పడొచ్చట. ఎంపిక ఇరవయ్యో తేదీన. ఆలోగా ఒక నమూనా, దాన్ని వాడి చూసిన ఐదుగురి అభిప్రాయాలు ఇవ్వాలి. పదకొండేళ్లుగా ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుని “మూత రావట్లేదండీ” అన్న మాట వింటున్నవాణ్ని. నాకంటే అర్హుడెవడు! ఈ బల్ల దగ్గరే రిటైరైపోతానేమోనని ఈమధ్య నిజంగానే భయం వేస్తోంది.

కొన్నవి: మెత్తటి పెన్సిళ్లు ఆరు, బంకమట్టి రెండు కిలోలు, నల్ల చొక్కా ఒకటి (డిజైనర్లు వేరే రంగు వేసుకోగా చూడలేదు).

జూన్ 3, బుధవారం. ఉదయం 6:05
తట్టింది! ఒక్క చేత్తో తీసే మూత! బొటనవేలికి ఒక గుంట. అక్కడ నొక్కితే చాలు, టక్కున లేస్తుంది. ఆనందం పట్టలేక మా ఆవిణ్ని లేపి చెప్పాను. ఆమె మాత్రం ఆనందాన్ని పట్టుకోగలిగింది, అటు తిరిగి పడుకుంది.

జూన్ 6, శనివారం
వేసిన బొమ్మలు 43. మూతల్లా ఉన్నవి 4. మా అమ్మాయికి ఏడేళ్లు. ఒక బొమ్మ చూసి, తాబేలు చాలా బాగుంది నాన్నా అని మెచ్చుకుని ఆకుపచ్చ రంగు కూడా వేసిపెట్టింది.

జూన్ 9, మంగళవారం
డిజైన్ విభాగం మేడమ్‌ని లిఫ్టులో పట్టుకున్నాను. మూడో అంతస్తు వచ్చేలోగా ఒకే ఒక్క సలహా ఇచ్చారు. వాడేవాళ్లకు ఏమీ చెప్పకూడదట, నోరు మూసుకుని చూడాలట. అంతేనా! మూతలు చేసేవాడికి నోరు మూసుకోవడం ఒక లెక్కా?

జూన్ 11, గురువారం
బొమ్మలు వేయలేదు. పెన్సిళ్లు చెక్కాను, ఆరూ. ఇదీ డిజైన్‌లో భాగమే.

జూన్ 12, శుక్రవారం
నల్ల చొక్కా ఉతుకులో ఉంది. అది లేకుండా ఆలోచన సాగదు.

జూన్ 13, శనివారం
చొక్కా ఆరింది. టీవీలో మ్యాచ్ వచ్చింది.

జూన్ 14, ఆదివారం. మధ్యాహ్నం 3:40
నమూనా పూర్తి!!! పాత క్లిప్పు స్ప్రింగు, ప్లాస్టిక్ షీటు, బోలెడంత జిగురు. నొక్కాను. టక్! వందసార్లు నొక్కాను. వందసార్లూ టక్! అద్దం ముందు నిలబడి నాకు నేనే షేక్ హ్యాండ్ ఇచ్చుకున్నాను.

జూన్ 16, మంగళవారం. సాయంత్రం
పరీక్ష. ఫలితాలు:
మా ఆవిడ: తీయలేకపోయింది. నేను నాలుగో సెకనుకే నోరు తెరిచాను.
బావమరిది: గోరు విరిగింది. గుంట చూడు, గుంట చూడు అని నేను అరుస్తుంటే వాడు “ఏ గుంట బావా?” అన్నాడు.
మా అమ్మాయి: పళ్లతో ప్రయత్నించింది.
ఎదురింటి టైలరు: కత్తెర తెస్తానన్నాడు.
మా అత్తయ్యగారు: చేతిలోకి తీసుకుని, నాకెందుకులే బాబూ అని బల్ల మీద పెట్టేశారు.

ఇంత తేలికైన మూత! వీళ్లకి ఏమైంది!

అభిప్రాయాల ఫారాలు నింపేశాను. చెయ్యి దానంతటదే కదిలింది. మా బల్ల దగ్గర, డబ్బా మార్చి ఇవ్వనక్కర్లేని ఫిర్యాదుల మీద “వాడకంలో లోపం” అని రాస్తాం. ఐదు ఫారాల మీదా అదే రాశాను, చక్కటి దస్తూరీతో.

జూన్ 18, గురువారం
ఇచ్చేశాను. రెండు రోజులు ముందే! ఇంకొకరి చేత పరీక్ష చేయించాల్సి వస్తుందేమోనన్న భయంతో కాదు.

జూన్ 20, శనివారం
ఉదయం 11:00. మేడమ్ పిలిచారు. నల్ల చొక్కా.
11:05. మేడమ్ నా మూత నొక్కారు. రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు. నా చేతికిచ్చారు. టక్!
11:06. “మీది ఎడమచేతి వాటమా?” అని అడిగారు.

పుట్టినప్పటి నుంచీ. మరి ఈ ఇరవై రోజులూ అది నాకెందుకు గుర్తు రాలేదో! గుంట నా ఎడమ బొటనవేలికి అతికినట్టు సరిపోయింది. కుడిచేత్తో పట్టుకుంటే అది అరచేతి కింద దాక్కుంటుంది.

మేడమ్ ఫారాలు ఒక్కొక్కటే తిరగేశారు. “ఐదుగురికీ కుడిచెయ్యి ఉండటం వాళ్ల లోపమని రాశారు మీరు. ఇక్కడ ఆ మాట రాసేవాళ్లతో నాకు పని లేదండీ” అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగా అన్నారు. ఉద్యోగం వేరే ఆయనకి వెళ్లింది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఎంపిక ఉంటుందట. బుద్ధిగా తలూపి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం 5:00. డిజైన్‌కి ఓ దణ్ణం. పెన్సిళ్లు అమ్మాయికి. మట్టి కుండీల్లోకి. మా ఆవిడ అడక్కుండానే టీ ఇచ్చింది, అది ఇంకా బాధ.

జూన్ 21, ఆదివారం. ఉదయం 8:20
చేసే పని లేక వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. అత్తయ్యగారు పంచదార డబ్బా తీస్తున్నారు. పొట్టకి ఆనించుకున్నారు. మూత మీద తువ్వాలు వేశారు. వేళ్లతో కాదు, అరచేత్తో తిప్పారు. చాలాసేపు పట్టింది. పంచదార తీసుకున్నాక మూత బిగించలేదు, ఊరికే పైన పెట్టారు.

ఆ వదులు మూత గురించి, లోపలికి దూరే చీమల గురించి ఈ ఇంట్లో ఎన్ని మాటలయ్యాయో! అందరికంటే ఎక్కువ అన్నది నేనే, అజాగ్రత్త అని. ఆవిడ వేళ్లు ముడుచుకోవు. కణుపులు వాచి ఉన్నాయి. మొన్న నా మూత నొక్కకుండానే ఎందుకు పెట్టేశారో ఇప్పుడు తెలిసింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ వెంటనే, ఏం చేయను, మళ్లీ తట్టింది. వేళ్లతో పని లేని మూత!

8:31. అమ్మాయి దగ్గర ఒక పెన్సిలు అప్పు తీసుకున్నాను. తిరిగిచ్చేయాలని షరతు.

8:35. మొదటి రోజు. అత్తయ్యగారు కాఫీ పొడి డబ్బా అందుకున్నారు. నేను కదల్లేదు, పెదవి విప్పలేదు. కాసేపటికి ఆవిడకే ఇబ్బందిగా అనిపించినట్టుంది.

“ఏంటి బాబూ, అలా చూస్తున్నారు?”

“పని చేసుకుంటున్నానండీ” అన్నాను.