డెబ్బై ఒక్క కిలోల షాకులు

నస్పూర్

తమ్ముడు మొండయ్యకు ప్రభువు పేరిట రిబ్కమ్మ వందనాలు.

నేను స్టీఫెన్ తల్లిని. వాడు కరీంనగర్‌లో చదివే రోజుల్లో బండి రిపేరుకు నీ షెడ్డుకే తెచ్చేవాడు. ఫోన్ చేస్తే నీ గొంతు కాదు, గ్రైండర్ గొంతే వినబడుతోంది. అందుకే రాస్తున్నాను. చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకో.

బండి ముందు ఫోర్కులు, వెనక షాకులు మూటగట్టి బస్సులో వేశాను. గుంత కనబడితే చాలు, బండి నడుం దాకా గుద్దుతోంది. మా తమ్ముడు బెంజమిన్ గనిలో ఫిట్టరు, అతనే విప్పాడు. విప్పి, "అక్కా, ఇగ దీన్ల ఏం మిగల్లే. తుక్కోనికి ఇచ్చెయ్" అన్నాడు. ఇరవై నాలుగున చెన్నూరులో మాకు ప్రార్థన కూడిక ఉంది. ఆ రోజు ఈ బండి చెన్నూరు దాకా పోతే ఉంచుకుంటాను, పోకపోతే తుక్కుకే ఇచ్చేస్తానని బెంజమిన్‌కు మాటిచ్చాను. కొత్తవి కొనే తాహతు లేదు. పాతవాటికే జర ప్రాణం పొయ్యి.

ఇట్లు, నీ అక్క రిబ్కమ్మ

తా.క. మూట కట్టింది నా మంచి చీరతో. చేతులు తుడుచుకోకు.


కరీంనగర్

రిబ్కమ్మక్కకు మొండయ్య నమస్కారం.

మూట అందింది. కొత్తవి అక్కర్లేదు. స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి. సీళ్లు పోయి నూనె కారిపోయింది, వెనక రబ్బరు బుష్‌లు అరిగాయి. అవి మార్చి కొత్త నూనె పోస్తే చాలు.

కానీ ఆ దొంగోడు ఏడి? "నూనె మార్చురా" అని ముమ్మారు చెప్పిన. "రేపు మొండన్నా" అనుకుంట నవ్వుతనే పోయిండు. ఇప్పుడు తల్లితో ఉత్తరం రాయిస్తాడా? సిగ్గు లేదా అని నా మాటగా అడుగు. బండి ఎక్కే మనిషి బరువెంతో రాయి. దాన్ని బట్టే షాకులు బిగించాలి.

ఇట్లు, మొండయ్య

తా.క. ఫోర్కులో నూనె చూశాను. బస్టాండు బజ్జీల మూకుడులో నూనే నయం. చీరకు రెండు చేతులే తుడిచాను.


నస్పూర్

తమ్ముడు మొండయ్యకు వందనాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "రేపు మొండన్నా" అన్నచోట అచ్చం వాడి గొంతే. బరువు డెబ్బై ఒక్క కిలోలు. వాడు అక్కడ ఇంకా ఏమేం చేశాడు? తల్లినని నాకెవరూ చెప్పరు. దాచకుండా రాయి.

ఇట్లు, రిబ్కమ్మ

తా.క. నీ తిట్లు చదివి గట్టిగా నవ్వాను. బెంజమిన్ ఉరికొచ్చి, "అక్కా, బీపీ గోలి ఏసుకున్నవా?" అన్నాడు. ఇంకో నాలుగు తిట్టు.


కరీంనగర్

రిబ్కమ్మక్కకు నమస్కారం.

డెబ్బై ఒక్క కిలోలకు సరిగ్గా బిగించి పంపుతున్నాను. అడిగావు కాబట్టి విను. చర్చి కోతపండుగ వేలంలో నీ కొడుకు పొట్టేలును పాడాడు. ముందు వీడు, వెనక హాస్టల్ దోస్తు, నడుమ పొట్టేలు. మానేరు కట్ట మీదుగా సక్కగా నా షెడ్డుకొచ్చి, "మొండన్నా, బండి ఎందుకో వెనక్కి కుంగుతుందే" అన్నాడు. దిగమంటే ఇద్దరూ దిగారు, పొట్టేలు దిగలేదు. సీటు నములుతోంది. "నీకన్న అదే నయంరా, కూసోని తింటుంది. నువ్వు మోస్తున్నవ్" అన్నాను. పనికిమాలినోడు, దానికీ నవ్వాడు.

ఇట్లు, మొండయ్య

తా.క. దాన్ని నా షెడ్డులో కట్టేసి పరీక్షకు పోయాడు. వచ్చేసరికి అది నా గోడ క్యాలెండర్‌ను దసరా దాకా తినేసింది.


నస్పూర్

తమ్ముడు మొండయ్యకు వందనాలు.

సీటు ఎలుకలు కొరికాయని నేను ఇంట్లో రెండు బోన్లు పెట్టానయ్యా!

షాకులు బిగించాం. ఇప్పుడు బండి నన్ను పేలాల గింజలా ఎగరేస్తోంది. "చెప్పిన గద, తుక్కుకే" అంటున్నాడు బెంజమిన్. తప్పు నీది కాదు, నాది. నిజం దాచాను. స్టీఫెన్ లేడు తమ్ముడూ. పోయిన ఏడు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇరవై నాలుగున జరిగేది వాడి జ్ఞాపకార్థ కూడిక. బండి నడిపేది నేను. నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు కూడా తీసుకున్నాను. నా బరువు నలభై ఆరే, అందుకే ఈ ఎగురుడు. కానీ నువ్వు బరువెంత అని అడిగితే నా చేయి వాడిదే రాసింది. ఏడాదిగా వాడి బరువు ఎవరూ అడగలేదు.

వాడి మాట ఎత్తితే అందరూ దేవదూత అంటారు. నేను కన్నది దేవదూతను కాదు. నువ్వొక్కడివే దొంగోడన్నావు, నా కొడుకు మళ్లీ కళ్లముందుకొచ్చాడు. మన్నించు.

ఇట్లు, రిబ్కమ్మ

తా.క. బెంజమిన్ వెనక పట్టుకుని ఉరుకుతున్నాడు. నిన్న "ఇడిసిపెట్టురా, నాకు వచ్చింది" అన్నాను. "ఎప్పుడో ఇడిసిన అక్కా, నా చెప్పే చైన్ల ఇరికింది, ఆపు" అన్నాడు.


కరీంనగర్

అక్కా,

నాకు తెలుసు. నీ రెండో ఉత్తరం తెచ్చిన కండక్టరు రామచంద్రం మీ నస్పూర్ మనిషే. "స్టీఫెన్ పోయి ఏడాదాయె" అన్నాడు. చేతిలో పానా కింద పెట్టాను. ఉత్తరం విప్పితే డెబ్బై ఒకటి అని ఉంది. కింద, ఇంకో నాలుగు తిట్టు అని ఉంది. ఓదార్పు రాయాలా, తిట్లు రాయాలా? నువ్వడిగిందే రాశాను. షాకులూ నువ్వడిగిన బరువుకే బిగించాను. తక్కువకు తిప్పబోతే చేయి రాలేదు.

ఇక తిట్లు నీకు. ఈ వయసులో బండి నేర్చుకుని, మెకానిక్‌కే దొంగ బరువు చెప్తావా? వాడు ఎవరి పోలికో ఇప్పుడు అర్థమైంది. నేర్చుకునే లైసెన్సుతో ఒక్కదానివే రోడ్డెక్కుతావా? లైసెన్సున్న మనిషి వెంట ఉండాలి. ఇరవై మూడున వస్తున్నాను. చెన్నూరు దాకా నువ్వే నడుపు, నేను వెనక కూర్చుంటాను.

ఇట్లు, నీ తమ్ముడు మొండయ్య

తా.క. అప్పటిదాకా బెంజమిన్‌ను షాకులు ముట్టనివ్వకు, మనిద్దరికీ ఆ బిగింపే కావాలి. నా బరువు ఎనభై నాలుగు.