కండువా లేని నాన్న

ఆదివారం, నరసరావుపేట

ఎల్లుండి నాన్న పెద్దకర్మ. పెద్ద సైజు ప్రింటుకు పనికొచ్చే ఫొటో ఆయన ఫోన్లో ఒక్కటే దొరికింది. అందులోనూ మెడలో పార్టీ కండువా.

"అది తీసెయ్యవే. దాని ఎంట తిరిగే గదా పేణం మీదికి తెచ్చుకుంది" అంది అమ్మ.

మధ్యాహ్నమంతా కూర్చుని ఫోన్లోనే కండువా చెరిపాను. కండువా కింద కాలరు కనిపించడం లేదు, నేనే గీశాను. భుజం వంకరపోయింది. అమ్మ చాలాసేపు చూసింది.

"మీ నాయన ఇట్టా ఉండడే. మెడ బోసిగా ఉంది. మళ్ళా ఎయ్యి."

అసలు ఫొటో మీదే సేవ్ చేసేశానని ఎలా చెప్పను? రేపు స్టూడియోకి ఏం పంపాలి? మిగతా ఫొటోలన్నీ వెతికాను. అన్నిట్లోనూ ఎవరో నాయకుడి వెనక సగం ముఖంతో ఉన్నాడు. మా పక్కన నిలబడ్డది ఒక్కటీ లేదు.